యంత్రానికి భాష నేర్పిన గ్రేస్ హాపర్

ఇతరులలోని గుణాలను విడిచి దోషాలను మాత్రమే వెదకే వారిని రంధ్రాన్వేషులని మన పెద్దలు నిరసించారు. అయితే మనుష్యులలో దోషాలను వెదకడం వేరు, చేపట్టిన కార్యంలో దోషాన్ని వెదకడం వేరు. మొదటిది అసూయకు చిహ్నం. రెండవది శ్రద్ధకు చిహ్నం. వైద్యుడు రోగమూలాన్ని అన్వేషించినట్లు, పండితుడు తాళపత్ర ప్రతులలోని లేఖక దోషాన్ని గుర్తించినట్లు, కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు ప్రోగ్రాంలో దాగిన పొరపాటును పట్టుకోవలసి ఉంటుంది. ఈ అన్వేషణను జీవితవ్రతంగా స్వీకరించి, ఆ ప్రయత్నంలోనే మనిషికీ యంత్రానికీ నడుమ భాషావారధిని నిర్మించిన మహనీయురాలు గ్రేస్ హాపర్.

గ్రేస్ బ్రూస్టర్ ముర్రే 1906 డిసెంబరు 9న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జన్మించారు. తండ్రి వాల్టర్ ముర్రే బీమా రంగంలో పనిచేసేవారు. తల్లి మేరీకి గణితశాస్త్రమంటే మక్కువ. ముత్తాత అలెగ్జాండర్ రస్సెల్ అమెరికా నౌకాదళంలో రియర్ అడ్మిరల్ పదవిని అలంకరించిన యోధుడు. ఆడపిల్లల ఉన్నత విద్యకు సమాజం అంతగా విలువనివ్వని ఆ రోజులలో, కుమారునితో సమానంగా కుమార్తెలూ చదువుకొని తమ కాళ్ళపై తాము నిలబడాలని ఆ తండ్రి ఆకాంక్షించారు.

గ్రేస్‌కు ఏడేళ్ళ వయసులో ఒక కుతూహలం కలిగింది. అలారం గడియారం సరిగ్గా అనుకున్న సమయానికే ఎలా మ్రోగుతున్నది? వేసవి విడిదిలో ఒక గడియారాన్ని తీసి విప్పింది. విడిభాగాలన్నీ బయటపడ్డాయి కాని తిరిగి అమర్చడం చేతకాలేదు. ఆ అమరిక తెలుసుకొనడానికి రెండవ దానిని విప్పింది, ఆపై మూడవ దానిని విప్పింది. ఇంటిలోని ఏడు గడియారాలూ ఆ విధంగా విడివడిన తరువాత గాని తల్లికి విషయం తెలియలేదు. ఆమె కుమార్తెను దండించలేదు. ఇకపై ఒక్క గడియారంతోనే ప్రయోగాలు చేసుకొమ్మని కట్టడి చేశారు. పువ్వు పుట్టగానే పరిమళించినట్లు, యంత్రం అంతరంగాన్ని చూడాలన్న తపన ఆ బాలికలో ఆనాడే తొంగిచూసింది.

పదహారేళ్ళ వయసులో గ్రేస్ ప్రఖ్యాతమైన వాసర్ కళాశాలలో ప్రవేశం కోరారు. లాటిన్ భాషా పరీక్షలో తగినన్ని మార్కులు రాకపోవడం వలన ఆ సంవత్సరం ప్రవేశం లభించలేదు. భాషా పరీక్షలో వెనుకబడిన ఆ బాలికయే కాలాంతరంలో యంత్రాలకు భాషను కల్పించడం విశేషం. మరుసటి సంవత్సరం ఆమె పట్టుదలతో ప్రవేశం సాధించి, 1928లో గణిత, భౌతిక శాస్త్రాలలో పట్టభద్రురాలయ్యారు. 1930లో యేల్ విశ్వవిద్యాలయం నుండి మాస్టర్స్ పట్టాను, 1934లో గణితశాస్త్రంలో డాక్టరేటును పొందారు. 1930లో విన్సెంట్ హాపర్‌ను వివాహమాడారు. 1945లో వారి వైవాహిక బంధం ముగిసినప్పటికీ, లోకం ఆమెను హాపర్ అనే పేరుతోనే గుర్తుంచుకొన్నది.

1931 నుండి ఆమె వాసర్ కళాశాలలోనే గణితం బోధించారు. ఆమె బోధనా పద్ధతి విలక్షణమైనది. గణిత సూత్రాన్ని గురించి వ్యాసం రాయించి, అందులోని భాషాదోషాలను కూడా సరిదిద్దేవారు. గణిత తరగతిలో భాషతో పనియేమని విద్యార్థినులు ఆక్షేపించినప్పుడు, తెలిసిన దానిని ఇతరులకు తెలియజెప్పలేకపోతే ఎంత గణితం నేర్చినా ప్రయోజనం లేదని ఆమె వివరించేవారు. శాస్త్రమూ భాషా పరస్పరం దూరమైనవి కావన్న ఈ విశ్వాసమే ఆమె భావి కృషికి పునాది అయింది.

1941 డిసెంబరులో అమెరికా రెండవ ప్రపంచయుద్ధంలో ప్రవేశించింది. ముత్తాత అడుగుజాడలలో నౌకాదళంలో చేరాలని హాపర్ సంకల్పించారు. వయసు అధికమన్నారు, శరీరపు బరువు నియమిత ప్రమాణం కన్నా తక్కువ అన్నారు. ఆమె వెనుదీయలేదు. ప్రత్యేక మినహాయింపు సంపాదించి 1943 డిసెంబరులో నౌకాదళ రిజర్వులో చేరారు. శిక్షణలో ప్రథమ స్థానంలో నిలిచి, 1944లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని గణన విభాగంలో నియుక్తులయ్యారు.

అక్కడ హోవార్డ్ ఐకెన్ పర్యవేక్షణలో మార్క్-1 అనే బృహద్యంత్రం పనిచేస్తున్నది. దాని పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు. అంతటి యంత్రమూ సెకనుకు మూడు కూడికలు మాత్రమే చేయగలిగేది. నేడు మన అరచేతిలో ఇమిడే ఫోను సామర్థ్యంతో పోలిస్తే అది అత్యల్పం, ఆనాటికి అద్భుతం. చేయవలసిన పనిని కాగితపు పట్టీపై రంధ్రాల రూపంలో పొడిచి యంత్రానికి అందించేవారు. ఒక్క రంధ్రం తప్పిపోతే ఫలితమంతా తారుమారయ్యేది. ఆ యంత్రానికి ప్రోగ్రాంలు రాసిన తొలి కొద్దిమందిలో హాపర్ ఒకరు. 1946లో వెలువడిన 561 పుటల వివరణ గ్రంథాన్ని కూర్చడంలో ప్రధాన పాత్ర ఆమెదే.

ఆ తరువాత నిర్మించిన మార్క్-2 యంత్రం 1947 సెప్టెంబరు 9న మొరాయించింది. సిబ్బంది లోపలి భాగాలను ఒక్కొక్కటిగా పరిశీలించారు. 70వ రిలేలో, అంటే విద్యుత్తును కలుపుతూ విడదీస్తూ ఉండే చిన్న మీటలో, ఒక చిమ్మట పురుగు చిక్కుకొని కనిపించింది. దానిని జాగ్రత్తగా తీసి, దినచర్య పుస్తకంలో అతికించి, పురుగు నిజంగా దొరకడం ఇదే ప్రథమమని చమత్కారంగా రాసిపెట్టారు. యంత్రాలలోని లోపాన్ని పురుగు అనే అర్థం గల బగ్ అన్న మాటతో వ్యవహరించడం అంతకు పూర్వమే ఉన్నది. ఎడిసన్ కాలం నాటికే ఆ వాడుక కనిపిస్తుంది. ఆ పురుగును పట్టినది హాపర్ స్వయంగా కాదు. అయితే ఆ కథను దేశమంతటా చెప్పి ప్రచారంలోకి తెచ్చినది ఆమెయే. ఆ పుట ఇప్పటికీ వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన మ్యూజియంలో భద్రంగా ఉన్నది. లోపాన్ని కనుగొన్న వెంటనే తేదీతో సహా నమోదు చేసిన ఆ అలవాటు గమనింపదగినది.

1949లో హాపర్ ఫిలడెల్ఫియాలోని ఎకర్ట్-మాక్లీ కంప్యూటర్ సంస్థలో చేరారు. అక్కడ యూనివాక్ అనే యంత్రం రూపొందుతున్నది. ఆనాటి ప్రోగ్రాం రచయితలు తరచు అవసరమయ్యే గణన భాగాలను నోటు పుస్తకాలలో రాసుకొని, కావలసినప్పుడు ఒకరి పుస్తకం నుండి మరొకరు చేతితో ఎత్తి రాసుకొనేవారు. అక్కడే చిక్కు వచ్చింది. ఖాళీని సూచించే డెల్టా గుర్తు ఎత్తి రాయడంలో 4 అంకెగా మారేది. ఆంగ్లాక్షరం బి కాస్తా 13గా మారేది. అంతేకాక, ప్రతి భాగాన్నీ కొత్త స్థానంలో ఉంచినప్పుడు దానిలోని చిరునామా సంఖ్యలకు మరికొంత కూడవలసి వచ్చేది. ఆ కూడికలలోనూ తప్పులు దొర్లేవి. తాళపత్రాలను ఒకరి నుండి ఒకరు ఎత్తి రాసుకొన్నప్పుడు పాఠాలు చెడిపోయిన వైనం మన సాహిత్య విద్యార్థులకు తెలిసినదే. సరిగా ఆ వ్యాధియే ఇక్కడా ప్రబలింది.

హాపర్ రోగాన్ని చూసి ఊరుకోలేదు, నిదానాన్ని ఆలోచించారు. ఎత్తి రాయడం, కూడడం అనే ఈ రెండు పనులలోనూ మనిషి అలసిపోతాడు, పొరపాటు పడతాడు. యంత్రానికి అలసట లేదు. మరి ఆ పనులను యంత్రానికే ఎందుకు అప్పగించరాదు? ఈ ఆలోచన నుండి ఏ-0 అనే కంపైలర్ పుట్టింది. 1951-52 సంవత్సరాలలో ఆమె దానిని రూపొందించారు. గణన భాగాలన్నింటినీ అయస్కాంత టేపుపై భద్రపరచి, ఒక్కొక్క దానికి ఒక సంకేతం కేటాయించారు. ప్రోగ్రాం రచయిత ఆ సంకేతాలను వరుసగా రాస్తే చాలు; ఆయా భాగాలను వెదకి తెచ్చి, చిరునామాలు సరిచేసి, ఒక్క ప్రోగ్రాంగా కూర్చే బాధ్యత యంత్రానిదే. కంపైలర్ అనే మాటకు సంకలనం చేసేది అని అర్థం. నేటి కంపైలర్లు నిర్వహించే సంపూర్ణ భాషానువాదంతో పోలిస్తే ఇది తొలి మెట్టు మాత్రమే. కాని తరువాతి మెట్లకు దారి చూపిన మెట్టు.

ఈ నిర్మాణంలో ఒక కఠిన సమస్య ఎదురైంది. ప్రోగ్రాం మధ్యలో ముందున్న ఒక చోటికి దూకమని ఆజ్ఞ ఉంటుంది. కాని టేపు ఇంకా అక్కడికి చేరలేదు. ఆ చోటి చిరునామా కంపైలర్‌కు అప్పటికి తెలియదు. హాపర్‌కు తాను చదువుకొనే రోజులలో ఆడిన బాస్కెట్‌బాల్ గుర్తుకు వచ్చింది. తాను చేరవలసిన చోటికి బంతితో పరుగెత్తే వీలులేనప్పుడు, క్రీడాకారిణి దానిని సహచరికి అందించి, ముందుకు పరుగెత్తి, మరల అందుకొంటుంది. ఆ విధంగానే కంప్యూటర్ స్మృతిలో చివరి మూలను ఒక మజిలీగా ఏర్పరచారు. చిరునామా తెలియని ఆజ్ఞ ముందు ఆ మజిలీకి దూకుతుంది. అసలు చిరునామా తెలిసిన పిమ్మట, అక్కడి నుండి గమ్యానికి దూకే ఆజ్ఞను ఆ మజిలీలో ఉంచుతారు. ఆటస్థలంలో నేర్చినది శాస్త్రంలో అక్కరకు వచ్చింది.

ఇంత చేసినా లోకం నమ్మలేదు. కంప్యూటర్ లెక్కలు మాత్రమే చేస్తుందని, అది ప్రోగ్రాంలు రాయజాలదని పలువురు వాదించారు. పనిచేసే కంపైలర్ కళ్ళెదుట ఉన్నా దానిని వినియోగించడానికి జంకారు. హాపర్ మరొక అడుగు ముందుకు వేశారు. వర్తకులూ గుమాస్తాలూ గణిత సంకేతాలతో కుస్తీ పట్టనవసరం లేకుండా, వాడుక మాటలతోనే యంత్రాన్ని ఆజ్ఞాపించే విధానాన్ని ప్రతిపాదించారు. నమూనాగా ఒక ప్రోగ్రాంను ఆంగ్ల పదాలతో నడిపి చూపించారు. అంతటితో ఆగక, అదే ప్రోగ్రాంను ఫ్రెంచి పదాలతోనూ జర్మన్ పదాలతోనూ నడిపించారు. సంస్థ అధికారులు మెచ్చుకోవడానికి బదులు కలవరపడ్డారు. అమెరికాలో తయారైన యంత్రానికి ఫ్రెంచి, జర్మన్ ఎలా అర్థమవుతాయని సందేహించారు. నిజానికి యంత్రానికి ఏ భాషా రాదు. దానికి అన్నీ గుర్తులే. ఏ గుర్తుకు ఏ పని అన్న ఒప్పందం ఉంటే చాలు, ఆ గుర్తు ఏ భాషాపదమైనా కావచ్చును. ఈ సూక్ష్మాన్ని వారికి బోధపరచడానికి ఆమెకు నెలల కాలం పట్టింది. చివరకు ఆంగ్ల పదాలతోనే ఫ్లో-మాటిక్ అనే భాష వాడుకలోకి వచ్చింది.

1959 మే నెలలో అమెరికా రక్షణశాఖ కార్యాలయమైన పెంటగాన్‌లో ప్రభుత్వ, పారిశ్రామిక ప్రతినిధులు సమావేశమయ్యారు. అన్ని సంస్థల యంత్రాలపైనా నడిచే ఉమ్మడి వ్యాపార భాష కావాలని నిర్ణయించారు. అట్లా ఆవిర్భవించిన భాషయే కోబాల్. దానిని రూపొందించినది ఒక సంఘం. ఆ కృషికి సాంకేతిక సలహాదారులలో హాపర్ ఒకరు. దానికి ప్రధాన ఆధారం ఆమె ఫ్లో-మాటిక్. 1960 డిసెంబరులో దాదాపు ఒకే కోబాల్ ప్రోగ్రాంను రెండు వేర్వేరు సంస్థల కంప్యూటర్లపై నడిపి విజయం సాధించారు. సంస్కృతం రాని వారికి కవిత్రయం భారతాన్ని తెలుగులో అందించినట్లు, యంత్రభాష రాని వారికి ఈ భాషలు కంప్యూటర్‌ను చేరువ చేశాయి.

1966 చివర, 60 ఏళ్ళ వయసులో, నౌకాదళం ఆమెకు విశ్రాంతినిచ్చింది. ఏడాది తిరగకముందే, 1967 ఆగస్టులో, ఆరు నెలల కోసమని మరల పిలిచింది. ఆ ఆరు నెలలు సుమారు రెండు దశాబ్దాలుగా సాగాయి. కారణం గంభీరమైనది. ఒకే కోబాల్ అన్న పేరుతో వేర్వేరు సంస్థలు చేసిన కంపైలర్లు వేర్వేరుగా ప్రవర్తిస్తున్నాయి. ఒక చోట సరిగా నడిచిన ప్రోగ్రాం మరొక చోట విఫలమవుతున్నది. ప్రోగ్రాం దోషమైతే రచయిత దిద్దుకొంటాడు. దోషాలు చూపవలసిన కంపైలరే దోషభూయిష్ఠమైతే కంచే చేను మేసినట్లే కదా! హాపర్ బృందం కంపైలర్లనే పరీక్షించే ప్రోగ్రాంలను సిద్ధం చేసింది. ఆ పరీక్షకు నిలిచినప్పుడే అది ప్రమాణానికి కట్టుబడిన కంపైలర్. అధికారం కలిగిన వానిని కూడా పరీక్షకు నిలబెట్టడమే ఈ కృషిలోని నీతి.

హాపర్ మరణానంతరం కోబాల్ మన తెలుగునాట మరొక రూపంలో ప్రసిద్ధి పొందింది. పాత ప్రోగ్రాంలలో స్థలం ఆదా చేయడానికి సంవత్సరాన్ని రెండు అంకెలతోనే రాసేవారు. 2000 సంవత్సరం రాగానే ఆ రెండు సున్నలను యంత్రాలు 1900గా భావిస్తాయన్న భయం వ్యాపించింది. వైటూకే అని పిలిచిన ఈ లోపాన్ని సరిదిద్దడానికి 1990 దశకం చివరలో కోబాల్ నేర్చిన తెలుగు యువతీయువకులు ఎందరో హైదరాబాదులోనూ విదేశాలలోనూ ఉపాధి పొందారు. అదీ ఒక మహా దోషాన్వేషణమే.

హాపర్ నడిచిన బాట నేటి విద్యార్థికి కూడా ఉపయోగపడుతుంది. లినక్స్ వంటి వ్యవస్థలో సాఫ్ట్‌వేర్‌ను దాని సోర్స్ కోడ్ నుండి మనమే నిర్మించుకొనవచ్చును. ఆ సమయంలో కంపైలర్ ఫలానా పంక్తిలో తప్పున్నదని చెబితే దోషం రచనలోనిది. అలా కాక, కంపైలర్ తానే కుప్పకూలి ఆగిపోవడం కూడా కద్దు. అప్పుడు కంగారుపడి ఏవేవో మార్చరాదు. ముందుగా తెరపై మొదట వచ్చిన సందేశాన్ని చదివి రాసుకోవాలి. అదే పనిని అదే విధంగా మరల చేయించి చూడాలి. ప్రతిసారీ వేరు వేరు చోట్ల ఆగుతున్నదంటే యంత్రాన్నే అనుమానించాలి. మెమరీ చిప్ చెడి ఉండవచ్చు, యంత్రం మితిమీరి వేడెక్కి ఉండవచ్చు. ఇది చిమ్మట వంటి దోషం. ఒకేసారి ఎక్కువ పనులు అప్పగించి ఉంటే మెమరీ చాలక వ్యవస్థయే కంపైలర్‌ను నిలిపివేసి ఉండవచ్చు. ఆ విషయం వ్యవస్థ తన దినచర్యలో నమోదు చేస్తుంది. ఏకకాలంలో జరిగే పనులను తగ్గిస్తే చాలు. ఇది బి 13గా మారడం వంటి మానవ దోషం. ఈ రెండూ కాక, ఎన్నిసార్లు చేసినా సరిగా అదే చోట కూలుతున్నదంటే దోషం కంపైలర్‌లోనే ఉండే అవకాశం అధికం. వేరొక వెర్షన్‌తో ప్రయత్నించి చూడాలి. కోడ్‌ను కొద్దికొద్దిగా తగ్గిస్తూ, లోపాన్ని ఇంకా చూపగలిగే అతి చిన్న భాగాన్ని వేరుచేసి, కంపైలర్ వెర్షన్ సంఖ్యతో సహా దాని నిర్మాతలకు నివేదించాలి. యంత్రమా, మనిషా, అనువాదకుడా అని క్రమంగా విచారించి తేల్చే ఈ పద్ధతికి హాపర్ తరం వేసిన బాటయే ఆధారం.

ఉద్యోగ జీవితపు చివరి దశలో హాపర్ గొప్ప వక్తగా పేరుపొందారు. సుమారు 30 సెంటీమీటర్ల తీగ ముక్కలను శ్రోతలకు పంచి, సెకనులో వంద కోట్లవ వంతు కాలంలో కాంతి పయనించే దూరం అంతేనని చూపేవారు. ఉపగ్రహాల ద్వారా సందేశాలు రావడానికి సమయమెందుకు పడుతుందని అడిగిన సేనానులకు ఆ తీగయే సమాధానం. ఆమె కార్యాలయంలో ముళ్ళు వెనుకకు తిరిగే గడియారం ఉండేది. ఎప్పటి నుండో ఇలాగే చేస్తున్నామన్నది కారణం కాజాలదని అది సందర్శకులకు గుర్తుచేసేది. గడియారాలు విప్పిన బాలిక వృద్ధాప్యంలోనూ ఆమెలో సజీవంగా ఉన్నదనవచ్చు.

1983లో కమోడోర్ హోదా, 1985లో రియర్ అడ్మిరల్ హోదా ఆమెను వరించాయి. ముత్తాత పొందిన పదవిని ముని మనుమరాలూ అందుకొన్నది. 1986 ఆగస్టు 14న బోస్టన్‌లో, యూఎస్ఎస్ కాన్‌స్టిట్యూషన్ అనే చారిత్రక నౌకపై, 79 ఏళ్ళ వయసులో ఆమె పదవీ విరమణ చేశారు. తరువాత కూడా ఒక కంప్యూటర్ సంస్థకు సలహాదారుగా పనిచేశారు. 1991లో అమెరికా ప్రభుత్వం ఆమెకు జాతీయ సాంకేతిక పతకాన్ని ప్రదానం చేసింది. 1992 జనవరి 1న ఆమె కన్నుమూశారు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. 1997లో ఒక యుద్ధనౌక ఆమె పేరుతో నౌకాదళంలో చేరింది. 2016లో మరణానంతరం అమెరికా అధ్యక్షుని స్వాతంత్ర్య పతకం లభించింది. 2017లో యేల్ విశ్వవిద్యాలయం తన కళాశాలలలో ఒకదానికి ఆమె పేరు పెట్టుకొన్నది.

తప్పు జరగడం అవమానం కాదు. తప్పును దాచడం అవమానం. తప్పు ఎక్కడ ఉన్నదో నిదానంగా విచారించి, కనుగొన్న దానిని నమోదు చేసి, మరల జరగకుండా మార్గం ఏర్పరచడమే విజ్ఞుల లక్షణం. చిన్ననాట ఒక గడియారాన్ని అర్థం చేసుకొనడానికి ఏడు గడియారాలను విప్పిన కుతూహలమే, పెద్దయిన పిమ్మట కోట్లాది ప్రజలు కంప్యూటర్లను వాడుకొనే దారికి పునాది వేసింది. విద్యార్థులు గ్రేస్ హాపర్ జీవితం నుండి గ్రహింపవలసిన సారాంశం ఇదే.